మా మామ సుబ్బారెడ్డి, యన్ సుపలేసి

టోకి పోనా అని ఒక చిన్న కృత్రిమ భాష ఉంది. కెనడాకు చెందిన సోన్యా లాంగ్ 2001లో బయటపెట్టింది. అక్షరాలు పద్నాలుగే. గ, డ, బ లేవు, ర లేదు, బ్బ, డ్డ లాంటి ద్విత్వాలు అసలే లేవు. కడపలో మామ ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన పేరు అందులో రాసి చూపించాను. తప్పు నాదే.

మామ: ఏమబ్బీ, యన్ సుపలేసి అంటే ఎవరు?

నేను: నువ్వే మామా. యన్ అంటే మనిషి. ఆ భాషలో పేరు ఒంటరిగా రాదు, మనిషో, ఊరో, నేలో ఏదో ఒక మాట ముందు ఉండాలి. బ లేదు కాబట్టి ప, ర బదులు ల, డ బదులు ట. 'టి' అనడం అక్కడ నిషేధం, అది 'సి' అయిపోతుంది. సుబ్బారెడ్డి, సుపలేసి.

మామ: మా నాయన పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసిన పేరు అది. నువ్వు దాని ముక్కూ చెవులూ కోసి తెచ్చినావు.

నేను: మనం కోయలేదా? చర్చి మైకులో రోజూ వింటాం కదా, యోహాను, పేతురు, పౌలు. పెట్రోస్ మన నోట్లో పడి పేతురు అయ్యాడు. తెలుగు మాట అచ్చుతో ముగియాలి, అందుకే బస్సు, రైలు, కారు. లోజ్‌బాన్ అని ఇంకో కృత్రిమ భాష ఉంది, అక్కడ రివర్స్. పేరు హల్లుతోనే ముగియాలి. ఒకే హల్లు రెండుసార్లు పక్కపక్కన రాకూడదు. అక్కడ నువ్వు సుబరెడిస్.

మామ: అది శెనగ పైరుకు కొట్టే మందు పేరు మాదిరి ఉంది.

నేను: సరే, మన్రో దొర సంగతి? 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చాడు. మన వాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. వెనకాల అప్ప తగిలించినంత మాత్రాన ఆయనకు పోయిందేముంది?

మామ: అదంతా అనంతపురం వైపు. మన కడపకు బ్రౌన్ దొర.

నేను: దత్తమండలాల్లో కడప లేదా మామా?

మామ: ఉంటే? ఆయన పోయింది ఎక్కడ, పత్తికొండలో. 1827లో, కలరా తగిలి. పత్తికొండ కర్నూలు జిల్లా. బ్రౌన్ 1820లో మన ఊరికి వచ్చినాడు, ఇక్కడ లైబ్రరీ కూడా ఉంది. ఆయన్ని బ్రౌనప్ప అన్నామా?

(పావుగంట దీనికే పోయింది. అత్త టీ పెట్టి వెళ్లిపోయింది.)

మామ: ఇది చెప్పు. మీ అత్త పేరు ఆ భాషలో?

నేను: రాధ... లత.

మామ: ఎదురింటి లత?

నేను: ఆమె కూడా లతే.

మామ: సరిపోయింది. కడప?

నేను: కటప.

మామ: గడప?

నేను: ...అదీ కటపే. ఆ మాటకొస్తే కడప పేరు గడప నుంచే వచ్చిందంటారు కదా!

మామ: తప్పించుకోవద్దు. తెల్లోళ్లు మన ఊరిని కడ్డపా అని రాసినారు. 2005లో కదా ఇంగ్లీషు స్పెల్లింగ్ సరిచేసుకున్నాం. వాళ్లు చేస్తే తప్పు, నీ భాష చేస్తే ఒప్పా? ఇంకోటి విను. తెలుగు అచ్చుతో ముగియాలని ఎవరూ మీటింగు పెట్టి తీర్మానం చేయలేదు. నీ భాషలో ఒక మనిషి కూర్చుని, ర వద్దు, గ వద్దు అని కొట్టేసింది. తెలిసి తీసేసిన అక్షరాలకు జవాబు చెప్పాల్సిందే.

నేను: ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. తక్కువ అక్షరాలుంటే ఎవరి నోరైనా తిరుగుతుంది, దానికి రాధా లతా ఒకటవడమే ఖరీదు. కానీ కడ్డపా సంగతి వేరు. ఆ స్పెల్లింగు మన స్టేషను బోర్డు మీద, మన సర్టిఫికెట్ల మీద ఎక్కి కూర్చుంది. సుపలేసి నీ ఆధార్ కార్డు మీదకి రాదు, ఆ భాష మాట్లాడేవాళ్ల మధ్యే తిరుగుతుంది. పైగా అక్కడొక మర్యాద ఉంది. పేరు ఎవరిదో వాళ్ల నోటి నుంచే తీసుకుంటారు. జర్మనీ వాళ్లు తమ దేశాన్ని డాయిచ్‌లాండ్ అంటారు, అందుకని అక్కడది తోసి. జపాను నిహోన్, అందుకని నియోన్. ఫిన్లాండు సువోమి, అక్కడ సుమి. మనం ఇండియా కాదు, భారత్, అందుకని పలత. మనమేం చేశాం? జర్మనీ, జపాన్, ఫిన్లాండ్, అన్నీ ఇంగ్లీషు వాడు అన్నట్టే దించుకున్నాం. శబ్దం అరిగినా ఫరవాలేదు మామా, ఎవరి నోటి నుంచి తెచ్చావన్నదే నాకు ముఖ్యం. నీ పేరు నేను ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాయలేదు, నువ్వు పలికేదాన్నుంచి దింపాను.

మామ: ఊఁ. అయితే మన్రోను ఎట్ల రాస్తావు?

నేను: ర బదులు ల. యన్ మన్లో.

మామ: ర వస్తే ఎప్పుడూ 'ల' పెట్టాల్సిందేనా?

నేను: మనలా నాలుక కొట్టి పలికే ర అయితే ల. ఇంగ్లీషు వాళ్ల ర అయితే వ పెట్టాలి. కానీ 'వో' కూడా నిషేధమే, అందుకని...

మామ: అందుకని మన్లో. అది మన్రో నోటి నుంచి తెచ్చినావా, పత్తికొండోళ్ల నోటి నుంచి తెచ్చినావా?

నేను: టీ చల్లారిపోతోంది మామా.