చూసేవాడికీ వేషముండే జాతర

తిరుపతి అనగానే అందరి చూపూ కొండ మీదికే పోతుంది. కొండ కింద, మే నెల ఎండల్లో, జనం ఒంటికి రంగులు పూసుకుని వీధుల్లో తిరిగే వారం ఒకటుంది. అదే తాతయ్యగుంట గంగమ్మ జాతర. గంగమ్మ శ్రీనివాసుడి చెల్లెలని నమ్మకం. అందుకే ఏటా తిరుమల నుంచి పుట్టింటి సారె వస్తుంది. అయితే చెల్లెలి పండగ అన్న పండగలా జరగదు. బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనమెక్కి ఊరేగుతుంటే మనం చేతులు జోడించి చూస్తాం. ఇక్కడ చూడటానికి వచ్చినవాడే వేషం కడతాడు.

మంగళవారం రాత్రి చాటింపుతో మొదలు. బుధవారం బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్ల సుద్ద. మర్నాడు బండ వేషానికి కుంకుమ, ఆ మర్నాడు తోటి వేషానికి బొగ్గుమసి, వేపమండలు. చంకలోని పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా పూసుకుంటారు. ఇందులో కొనాల్సిందంటూ పెద్దగా లేదు. అద్దె దుస్తులు, టికెట్టు, అనుమతి అక్కర్లేదు. ఈ జాతర ఇన్నాళ్లు నిలవడానికి భక్తి ఎంత కారణమో ఈ చవకదనమూ అంతే కారణమని నా అభిప్రాయం.

ఈ వేషాల వెనక కథ ఉంది. ఆ ప్రాంతాన్ని ఏలుతూ ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు గంగమ్మ మీదా కన్నేశాడు. ఆమె విశ్వరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేసింది. చివరికి దొర వేషం చూసి, నిజంగా దొరే వచ్చాడనుకుని బయటికొచ్చి తల పోగొట్టుకున్నాడు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆ మర్నాటి మాతంగి వేషం. చంపినవాడి ఇంటికే వెళ్లి, వాడి ఆలిని ఓదార్చే వేషమది. గెలుపు సంబరం అయ్యాక ఓడినవాడి ఇంటి ఏడుపుకూ ఒక రోజు కేటాయించిన పండగలు నాకు ఎక్కువగా తెలియవు.

ఈ ముఖ్య వేషాలు కట్టే హక్కు కైకాల వంశం వారిది. గంగమ్మను పెంచింది వాళ్లేనని నమ్మకం. వేషం ఇంటి ముందుకు రాగానే ఆడవాళ్లు కాళ్ల మీద పసుపునీళ్లు పోసి హారతి పడతారు. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచిన పొరుగింటాయన ఆ కాసేపు అమ్మవారే. మొక్కు ఉన్న మగవాళ్లు మీసాలు తీయకుండానే చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని గుడికి నడుస్తారు. ఎవరూ నవ్వరు.

2024లో వచ్చిన ‘పుష్ప 2’లో కథానాయకుడు చీర కట్టాక ఈ జాతర పేరు దేశమంతా వినబడింది. మంచిదే. కానీ సినిమాకు కావలసింది ఒక్క ఉగ్రరూపం. సుద్ద, మసి, మాతంగి ఓదార్పు దానికి పనికిరావు. రేపు పర్యాటకం పేరుతో వేదిక కట్టి, కుర్చీలు వేసి, ఆ ఒక్క రూపాన్నే ఆడిస్తే, పూసుకుని తిరిగే ఊరు కాస్తా కూర్చుని చూసే ఊరవుతుంది. అధికారులు చేయాల్సింది వేదిక కట్టడం కాదు. దారులు ఖాళీగా ఉంచడం, మంచినీళ్లివ్వడం, మరుగుదొడ్లు పెట్టడం చాలు.

అలాగని ఈ జాతరను స్త్రీశక్తికి నిలువెత్తు సాక్ష్యమని పొగిడేవారితోనూ నేను ఏకీభవించలేను. వారంపాటు చీర కట్టిన మగవాడు ఎనిమిదో రోజు మారిపోతాడన్న భరోసా ఏమీ లేదు. పైగా ఈ వేషాల్లో బూతులు తిట్టడం ఆచారం. ఎవరూ పట్టించుకోకూడదంటారు. వేషగాడు వేషగాణ్ణి తిట్టుకుంటే నాకూ అభ్యంతరం లేదు. గుంపులో నడిచే ఆడపిల్లను ఆ వంకతో వేధిస్తే మాత్రం ఒంటి మీద సుద్ద ఉన్నా, మసి ఉన్నా పోలీసులు పట్టుకుపోవలసిందే. గంగమ్మ వేషం కట్టి పాలెగాడి పని చేస్తానంటే ఏ ఆచారం ఒప్పుకుంటుంది?