ఆయనా నర్సే బాబాయ్

2024 జులై 4 బ్రిటన్ ఎన్నికల ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే ఫొటో తిరుగుతోంది. సోజన్ జోసెఫ్, కేరళ నుంచి వెళ్లి అక్కడ ఎంపీ అయ్యారు, మనందరికీ గర్వకారణం అని. కింద దండాలు, జెండాలు. పుట్టింది కొట్టాయం దగ్గర కైప్పుళలో అని కూడా అందరికీ తెలిసిపోయింది. ఇన్నాళ్లూ ఆయన ఏం పని చేశారో మాత్రం ఒక్కరూ రాయలేదు.

రాయాల్సింది అదే కదా! బెంగళూరులో నర్సింగ్ చదివి 2001లో ఇంగ్లండ్ వెళ్లారు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో మానసిక రోగులకు సేవ చేసిన నర్సు. ఆ తర్వాత యాష్‌ఫర్డ్ బరో కౌన్సిల్లో, అంటే మన మున్సిపాలిటీ లాంటిదాంట్లో, కౌన్సిలర్. చెత్త బండ్లు, ఇళ్ల ప్లాన్లు, కౌన్సిల్ ఇళ్ల గొడవలు వినే పని. అక్కణ్నుంచి 49 ఏళ్ల వయసులో పార్లమెంటుకి. యాష్‌ఫర్డ్ సీటులో ఓడించింది కన్సర్వేటివ్ పార్టీ డేమియన్ గ్రీన్‌ని. 1997 నుంచి ఆ సీటు ఆయనదే, ప్రధాని థెరిసా మే హయాంలో కొన్నాళ్లు కేబినెట్లో ఆమె తర్వాతి స్థానం కూడా ఆయనదే.

మెజారిటీ 1,779. నిజం చెప్పుకోవాలి, రిఫార్మ్ పార్టీ పదివేల దాకా ఓట్లు తెచ్చుకుని గ్రీన్ ఓట్లు చీల్చకపోతే కథ వేరేలా ఉండేదేమో. దేశమంతా జోసెఫ్ పార్టీ లేబర్ గాలి, 411 సీట్లు. కానీ గాలి వీచినప్పుడు పోటీలో నిలబడి ఉండాలి కదా. యాష్‌ఫర్డ్‌లో లేబర్ గెలవడం ఇదే మొదటిసారి.

మన దగ్గర టికెట్ అడిగినవాణ్ని ఇన్నాళ్లూ ఏం చేశావని అడగరు. ఎంత పెట్టగలవని అడుగుతారు.

ఇదే ఎన్నికలో మనవాళ్లూ నిలబడ్డారు. సిద్దిపేట జిల్లా శనిగరానికి చెందిన ఉదయ్ నాగరాజు లేబర్ తరఫున నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో పోటీ చేశారు. పోలింగుకి ముందు గ్రూపంతా ఆయనే. ఓడిపోయారు. మర్నాటి నుంచి ఒక్క మెసేజ్ లేదు. మనకి గెలిచినవాడి ఊరు కావాలి అంతే.

అసలు నా మంట ఇది. మా పిన్ని కూతురు బీఎస్సీ నర్సింగ్ చేసింది. కార్పొరేట్ ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ, చాకులాంటి పిల్ల. నాలుగేళ్ల కిందట ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తరఫువాళ్లకి పిల్ల నచ్చింది, ఉద్యోగం నచ్చలేదు. రాత్రిళ్లు డ్యూటీలేంటి, ఎవరెవరినో ముట్టుకోవడమేంటి అన్నారు. మధ్యలో ఉన్న మా బాబాయ్ దానికి బదులు చెప్పకపోగా, ‘మానిపించేద్దాం లెండి’ అని మాటిచ్చి వచ్చాడు. అది మానలేదు. సంబంధం పోయింది. దాన్నిప్పటికీ ‘పొగరు’ అంటాడాయన. మగవాళ్లు నర్సులేంటని నవ్వేదీ ఆయనే.

నిన్న పొద్దున ఆ ఫొటో మళ్లీ వచ్చింది, మూడు జెండాలతో. పంపింది బాబాయే.

‘ఆయనా నర్సే బాబాయ్’ అని రిప్లై పెట్టాను. బ్లూ టిక్ పడింది. మధ్యాహ్నానికి మా చెల్లి ఒక నవ్వు బొమ్మ పెట్టింది.