కొండ ఎక్కించే బడి కావాలి

2014 మే 25న ఇద్దరు తెలుగు విద్యార్థులు ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా వాసి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్న పేదింటి పిల్లలు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. సరిగ్గా రెండు వారాల తర్వాత, జూన్ 8న, యాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ జలాశయం నుంచి ఉన్నట్టుండి వదిలిన నీరు వారిని బలి తీసుకుంది. తెలుగు తల్లిదండ్రులు ఈ రెండు వార్తలనూ ఒకే వేసవిలో చదివారు. రెండో వార్తే వారి మనసుల్లో ఎక్కువకాలం నిలిచిందంటే ఆశ్చర్యం లేదు. కొండ, నది, అడవి అనగానే ‘వద్దు’ అనే మాట ఇప్పటికీ మన ఇళ్లలో ముందుగా వినిపిస్తుంది. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసిపారేయడం లేదు. అయితే దానికి పరిష్కారం పిల్లలను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడంలో లేదనీ, సరైన శిక్షణతో కూడిన సాహస కార్యక్రమాలను బడి చదువులో భాగం చేయడంలోనే ఉందనీ మా అభిప్రాయం.

ఎవరెస్టు మీద జెండా పట్టుకున్న ఫొటో అందరికీ గుర్తుంది కానీ, దానికి ముందు జరిగిన సాధన గుర్తున్నవారు తక్కువ. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ చొరవతో, శిక్షకుడు శేఖర్ బాబు బాచినేపల్లి పర్యవేక్షణలో వందమందికి పైగా విద్యార్థులు భువనగిరి కోట ఏకశిల మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నారు. వారిలో కొందరిని ఎంపిక చేసి డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. ఆ తర్వాత లడఖ్ చలిలో మరో విడత శిక్షణ జరిగింది. చివరికి మిగిలింది ఇద్దరు. పదహారేళ్ల లోపు వారిని నేపాల్ అనుమతించదు కనుక వారు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపున ఖుంబూ వద్ద మంచుచరియలు విరిగిపడి 16 మంది పర్వతారోహణ సహాయకులు చనిపోయినప్పటికీ ఈ బృందం యాత్ర కొనసాగించింది. పూర్ణ 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నింటినీ అధిరోహించింది. ఇదంతా గర్వించదగినదే. కానీ విద్యావిధానం గురించి ఆలోచించేవారు ఎవరెస్టు ఎక్కిన ఇద్దరితో పాటు భువనగిరి రాతి దగ్గరే ఆగిపోయిన ఆ మిగతా పిల్లల గురించి కూడా ఆలోచించాలి. వారు అక్కడ నేర్చుకున్నది ఏ పిల్లవాడికైనా నేర్పగలిగినది.

రాతి మీద ఏం జరుగుతుందో చూడండి. ఎక్కుతున్న పిల్ల నడుముకు కట్టిన తాడు రెండో కొస కింద ఉన్న సహవిద్యార్థి చేతిలో ఉంటుంది. సిద్ధంగా ఉన్నానని కింద నుంచి బదులు వచ్చేదాకా పైన ఉన్నవారు కాలు కదపకూడదు. పట్టు తప్పి జారితే ఆపవలసింది ఆ కింద ఉన్న చేతులే. తరగతిలో ఒక్క ప్రశ్నకూ నోరు విప్పని అమ్మాయి చేతికి మరొకరి క్షేమాన్ని నిజంగా అప్పగించడం ఇక్కడ సాధ్యమవుతుంది. ఆ అమ్మాయి మాట మొదటి ర్యాంకు విద్యార్థి కూడా వినక తప్పదు. శిక్షకుడు వెనకే నిలబడి రెండో పట్టుతో కాపు కాస్తాడు, కానీ అవసరమైతే తప్ప జోక్యం చేసుకోడు. ఇక భయం సంగతి. కొండ ఎక్కినంత మాత్రాన భయం పోదు. కాళ్లు వణుకుతుండగానే తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో ఆలోచించవచ్చని మాత్రం తెలుస్తుంది. ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలు ఎన్ని విన్నా రానిది ఈ అనుభవంతో వస్తుంది, ఎందుకంటే ఇక్కడ పిల్లవాడికి తన సామర్థ్యం గురించి మరొకరు చెప్పడం లేదు, తానే చూసుకుంటున్నాడు.

ఈ ఆలోచనకు పాత చరిత్రే ఉంది. హిట్లర్‌ను ఎదిరించి జర్మనీ విడిచిన విద్యావేత్త కుర్ట్ హాన్, నౌకా సంస్థ యజమాని లారెన్స్ హోల్ట్ తోడ్పాటుతో 1941లో వేల్స్‌లోని అబెర్‌డోవీలో సాహస శిక్షణ ఇచ్చే అవుట్‌వార్డ్ బౌండ్ పాఠశాలను ప్రారంభించాడు. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు అనుభవం లేని యువ నావికులు త్వరగా ఆశ వదులుకుంటున్నారన్న ఆందోళన ఆ ప్రయత్నం వెనుక ఉంది. 1965లో అమెరికాలోని వ్యోమింగ్‌లో పాల్ పెట్‌జోల్ట్ నెలకొల్పిన నోల్స్ (నేషనల్ అవుట్‌డోర్ లీడర్‌షిప్ స్కూల్) సంస్థ నాయకత్వాన్ని ఇంకాస్త స్పష్టంగా నేర్పింది. అక్కడ యాత్రలో రోజుకొకరు బృందానికి నాయకులవుతారు; నిన్న దారి చూపినవారు ఇవాళ మరొకరు చూపిన దారిలో నడవాలి. ఇతరుల నిర్ణయానికి మనస్ఫూర్తిగా తోడ్పడడాన్ని కూడా ఆ సంస్థ నాయకత్వంలో ఒక భాగంగానే పరిగణిస్తుంది. క్లాస్ లీడర్ అంటే అల్లరి చేసేవారి పేర్లు బోర్డు మీద రాసేవాడని నమ్మే మన బడులకు ఇది కొత్త సంగతే.

ఇవన్నీ మంచి మాటలేనా, ఫలితం ఉందా అని అడిగే హక్కు పాఠకులకు ఉంది. సాహస విద్యపై జరిగిన 96 అధ్యయనాలను కలిపి పరిశీలించిన విశ్లేషణ ఒకటి 1997లో వెలువడింది. ఆత్మవిశ్వాసం, స్వీయ నియంత్రణ, నాయకత్వం వంటి అంశాల్లో ఒక మోస్తరు మెరుగుదల కనిపించిందనీ, కార్యక్రమం ముగిశాక కూడా అది నిలవడమే కాక కొంత పెరిగిందనీ అందులో తేలింది. చాలా విద్యా కార్యక్రమాల ప్రభావం రోజులు గడిచేకొద్దీ కరిగిపోతుంది కనుక ఇది చెప్పుకోదగ్గ విషయం. అయితే అదే విశ్లేషణ మరో మాట కూడా చెప్పింది: అన్ని కార్యక్రమాలూ ఒకే ఫలితం ఇవ్వలేదు, ఎక్కువ రోజులు సాగినవే ఎక్కువ మేలు చేశాయి. ఉదయం బస్సెక్కించి, జిప్‌లైన్ (ఎత్తున కట్టిన ఇనుప తాడు) మీద ఒకసారి జార్చి, సాయంత్రానికి ‘నాయకత్వ శిబిరం’ అని ముద్రించిన సర్టిఫికెట్ చేతిలో పెట్టే విహారాలు ఈ లెక్కలోకి రావు. వాటిలో పిల్లలు సరదా పడితే పడనివ్వండి, ఆ ఫీజును విద్య ఖాతాలో రాయకండి.

ప్రమాదం గురించి దాపరికం లేకుండా మాట్లాడాలి. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా-2 శిఖరం వద్ద ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంపై మంచు విరుచుకుపడి రెండు డజన్ల మందికి పైగా బలయ్యారు. దేశంలో పేరెన్నికగన్న సంస్థకే అలా జరిగింది. కాబట్టి బడి పిల్లలకు ఎత్తైన హిమాలయాలు అవసరం లేదు, శిఖరాల రికార్డులు అసలే అవసరం లేదు. భువనగిరి రాయి, అనంతగిరి కొండలు, నల్లమల అంచులు, గండికోట లోయ చాలు. వాతావరణం మారితే మధ్యలోనే వెనక్కి మళ్లించే అధికారం శిక్షకుడికి ఉండాలి. అలా మళ్లించినందుకు నిర్వాహకుడు అతడిని నిలదీయకూడదు. ఎక్కనని చెప్పిన విద్యార్థిని హేళన చేయకుండా మరో పని అప్పగించాలి. నదీ తీరాలకు తీసుకెళ్లేవారు ఎగువ జలాశయాల నీటి విడుదల సమయాలను ముందే కనుక్కోవాలి. బియాస్ తర్వాత కూడా ఈ మాట రాయవలసి రావడం విచారకరం.

అపార్టుమెంట్లలో నడుస్తున్న జూనియర్ కళాశాలల్లో ఆటస్థలమే లేదు, కొండ గురించి అడగడం అత్యాశ అనిపించవచ్చు. కనుక అంతకు ముందు తరగతుల నుంచే మొదలుపెట్టాలి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజుల పాటు పుస్తకాల సంచీ లేని చదువును ప్రతిపాదించింది. అది ప్రధానంగా స్థానిక వృత్తుల పరిచయానికి ఉద్దేశించినదే అయినా, ఏడాది పొడవునా సంచీ లేని రోజులను ఇతర కార్యకలాపాలకు కూడా ప్రోత్సహించాలన్నది. స్కౌట్స్, ఎన్‌సీసీ దళాలు జెండా వందనాల కవాతుకే పరిమితమైన చోట వాటిని మళ్లీ ఆరుబయటికి నడిపించాలి. వ్యాయామ ఉపాధ్యాయుల్లో ఆసక్తి ఉన్నవారిని, గురుకులాల్లో శిక్షణ పొంది ఇప్పుడు యువకులైన వారిని ఉత్తరకాశీ, డార్జిలింగ్ సంస్థల్లో దాదాపు నాలుగు వారాలు సాగే ప్రాథమిక కోర్సుకు ప్రభుత్వ ఖర్చుతో పంపితే శిక్షకుల కొరత కొంతైనా తీరుతుంది. మహిళా శిక్షకులు లేని శిబిరానికి చాలామంది తల్లిదండ్రులు ఆడపిల్లలను పంపరు కనుక ఎంపికలో సగం స్థానాలు మహిళలకే ఇవ్వాలి. వేలల్లో ఫీజు కట్టగలిగినవారికే శిబిరం దక్కే పరిస్థితి మారాలన్నా ప్రభుత్వమే పూనుకోవాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వచ్చే వేసవి సెలవుల లోగా జిల్లాల వారీగా అనుమతించిన స్థలాలు, అర్హత గల శిక్షకులు, బీమా, ప్రథమ చికిత్స ఏర్పాట్లు ఉన్న నిర్వాహకుల జాబితాను ప్రచురించాలి. అందులో పేరు లేని నిర్వాహకుడి వెంట ఏ పాఠశాలా తన విద్యార్థులను పంపకూడదు.