సవరణ: ఆ 80 శాతం లెక్క

నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ విద్యార్థులకు వ్యవస్థాపక విద్యతో (సొంత వ్యాపారం పెట్టి నడపడం నేర్పే చదువుతో) పాటు భావోద్వేగ ప్రజ్ఞనూ (తన, ఎదుటివారి భావోద్వేగాలను గుర్తించి తగినట్టు నడుచుకునే నేర్పునూ) నేర్పాలన్న నా గత వ్యాసంలో "విజయంలో 80 శాతం భావోద్వేగ ప్రజ్ఞదే" అన్న వాక్యం తొలగించాను.

ఈ భావనను పుస్తకంతో జనంలోకి తెచ్చిన అమెరికన్ రచయిత డేనియల్ గోల్‌మన్ 1995లో అన్నది వేరు. జీవిత విజయంలో ఐక్యూ వాటా మహా అయితే 20 శాతమన్నారు. మిగిలిన 80 శాతంలో పుట్టిన వర్గం, అదృష్టం కూడా ఉన్నాయి. దాన్నంతా భావోద్వేగ ప్రజ్ఞ ఖాతాలోనే జమ వేసింది శిక్షణ తరగతుల ఉత్సాహం. భావోద్వేగ ప్రజ్ఞ అన్న భావనకు 1990లోనే శాస్త్రీయ రూపమిచ్చినవారు మనస్తత్వవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్.

అయితే పాఠం అక్కర్లేదా? కావాలి. రొయ్యల చెరువు గట్టునే చూడండి. కౌంట్‌ను, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని, బట్టి ధర కుదురుతుంది. వల వేశాక, సరుకు నిలవదని తెలిసిన కొనుగోలుదారు ధర తగ్గించమంటాడు. అప్పుడు కోపం అణచుకుని బేరం నిలబెట్టడం, లేదా నష్టమెంతో లెక్కగట్టి ఒప్పుకోవడం వ్యాపార ప్రణాళిక పత్రం రాసినంత మాత్రాన అలవడదు. తరగతిలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇలాంటి బేరమే ఆడించవచ్చు. ఖర్చు కూడా లేదు.

మరో వివరణ. ఇలాంటి కోర్సు చేసినవారికి భావోద్వేగ ప్రజ్ఞలో మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన అది కోర్సు ఫలితమేనని అనలేం; చొరవ ఉన్నవారే అందులో చేరి ఉండవచ్చు. పైగా ఈ ప్రజ్ఞను కొలిచే చాలా ప్రశ్నావళుల్లో విద్యార్థి తనకు తానే మార్కులు వేసుకుంటాడు. కోర్సుకు ముందూ తర్వాతా, చేరనివారితో పోల్చి చూడాలి. కాబట్టి కోర్సు ఫలితం గురించి ఆ వ్యాసంలో రాసిన "నిరూపితమైంది"ని "సంబంధం కనిపిస్తోంది" అని చదువుకోగలరు.