కానుగ నీడలోని కార్పెట్ గడ్డి గారికి

మహారాజశ్రీ కార్పెట్ గడ్డి గారికి,

అనంతపురం నుంచి మీకు రోజూ నీళ్లు పట్టే మనిషి నమస్కరించి రాయునది. మేమంతా క్షేమం. మీరు పసుపు రంగుకు తిరిగారు కాబట్టి మీ క్షేమం అడగను.

మా బావ మిమ్మల్ని చుట్టలు చుట్టించి లారీలో దింపిన రోజు, చదరపు అడుగు ఇంత అని లెక్కగట్టి డబ్బిస్తుంటే మా జేజి నోరెళ్లబెట్టింది. "ఏం నాయనా, కసువు గూడా దుడ్లు పెట్టి కొంటారా?" అంది. "ఇది లాన్ జేజీ!" అన్నాడు బావ. అంతే, మీ హోదా ఖరారైపోయింది.

అప్పట్నుంచి మీకు కొత్తల్లుడి మర్యాదలే. ఏడాదంతా కలిపి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది. మేం ట్యాంకరు కోసం ఫోన్లు చేస్తుంటే మీకు పొద్దునా సాయంత్రం పైపు. యూరియా మీకే, క్షవరం మీకే. ఇంత చేసినా అలిగారు. కానుగ చెట్టు నీడ పడుతోందట! అనంతపురంలో ఎండకేం కరువు స్వామీ? మా ఇంటి చుట్టూ ఎండ పడని చోటు అదొక్కటే. వెతికి వెతికి బావ మిమ్మల్ని అక్కడే పరిపించాడు.

నీడలో ఉన్న గడ్డికి ఆకే ఆధారం, దొరికే కాస్త వెలుతురు అదే పట్టుకోవాలి. మాలీ వచ్చి దాన్ని నున్నగా గొరిగిపోతాడు. కింద మీకు పోసిన నీళ్లు కానుగ వేళ్లు తాగేస్తాయి. చాలలేదని ఇంకాస్త పోస్తాం. తడారక బూజు పడుతుంది. వినాయక చవితికి తెచ్చుకునే గరికకూ ఎండే కావాలి గానీ, అది నీడలో కాపురం పెట్టి మమ్మల్ని సతాయించదు.

కర్నూలు దిక్కున రోళ్లపాడు గడ్డినేలను బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఆ గడ్డికి పైపు పట్టినవాళ్లెవరూ లేరు. అయితే అదీ ఎండలో పెరిగేదే, కానుగ కిందికి రాదు.

నీడకు వచ్చే గడ్డి ఇంకొకటుంది. వానలు పడగానే గోడవారన తనంతట తానే మొలుస్తుంది. పొట్టి ఆకు, కాస్త వెడల్పు, పలచన, అంచుల వెంట అలలు. శాస్త్రం చదివినవాళ్లు ఆప్లిస్మెనస్ అంటారు, జేజికి అదీ కసువే. కొమ్మల సందుల్లోంచి జారిన వెలుతురే దానికి చాలు. కణుపు నేలకు తగిలితే వేరు దించుతుంది. మోకాలెత్తు కూడా లేవదు, కత్తిరించే పని లేదు. మీ పరువు కోసం మాలీ దాన్ని కలుపని పీకేస్తున్నాడు. దీని చారల చుట్టాన్ని నర్సరీల్లో వేలాడే కుండీలో పెట్టి అమ్ముతారంటే బావ నమ్మడు.

అదేమీ సుగుణాల రాశి కాదు. ఎండాకాలం మాడిపోతుంది, మళ్లీ వానలకు గింజ నుంచి లేస్తుంది. కంకి జిగురు పంచెకు అంటుకుంటే ఒక్కోటీ గిల్లి తీయాలి. దాని మీద కుర్చీలేసుకుని ఫొటోలు దిగడం కుదరదు. కానీ ట్యాంకరు అడగదు.

కాబట్టి జూన్‌లో తొలి వాన పడగానే కానుగ కింద చోటు ఖాళీ చేయగలరు. గోడవారన ఆ కసువు మొలిచి కాస్త పాకగానే నాలుగు కణుపులు తెంపి రాలిన ఆకుల మధ్య నాటుకుంటాను. మేడ మీద ఎండ దండిగా ఉంది, మీ మకాం అక్కడికి మారుస్తాం. బకెట్లు మోసే పని బావకు అప్పజెప్పాను.

ఇట్లు,
పైపు పట్టిన చెయ్యి