వడదెబ్బ తగిలిన పిల్లాడి మీద చన్నీళ్లు పోయాలి

ప్రతి ఏప్రిల్‌లోనూ మా గ్రౌండ్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వస్తుంది. ఎవరో డాక్టరు చెప్పినట్టుగా మొదలవుతుంది. ఎండలోంచి వచ్చినవాళ్లు చల్లటి నీళ్లు తాగకూడదట, ఒంటి మీద పోసుకోకూడదట, సన్నటి రక్తనాళాలు చిట్లిపోతాయట. ఒకాయన ఇంటికొచ్చి చన్నీళ్లతో కాళ్లు కడుక్కోగానే కుప్పకూలిపోయాడట. ఈసారి ఆటలాడే పిల్లల కోసమని దానికి ఇంకొన్ని మాటలు చేర్చి పంపుతున్నారు. చెమట పడుతున్నంతసేపూ అది వడదెబ్బ కాదు. పడిపోతే ఇంకేమీ చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. రోజూ ఎండలో ఆడే పిల్లలకు ఏమీ కాదు. నీళ్లు ఎంత ఎక్కువ తాగిస్తే అంత మంచిది. జేబులో ఉల్లిపాయ ఉంటే చాలు. సాయంత్రానికి లేచి తిరిగితే మర్నాడు ఆడించొచ్చు.

నేను పదకొండేళ్లుగా బడిపిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పిస్తున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక వేసవి శిబిరంలో తొమ్మిదో తరగతి పిల్లాడొకడు నా కళ్ల ముందే పడిపోయాడు. నేను బకెట్ ఎత్తగానే పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "చన్నీళ్లు పోయకు బాబూ, నరాలు చచ్చుబడతాయి" అన్నారు. నిజంగా భయపడే అన్నారాయన. నేనూ ఆగిపోయాను. రెండు మూడు నిమిషాలు ఆగి ఉంటాను. ఆ నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అందుకే ఈ మెసేజ్‌కి జవాబు రాస్తున్నాను.

"చన్నీళ్లు పోస్తే రక్తనాళాలు చిట్లుతాయి."

చిట్లవు. చల్లదనం తగిలితే చర్మం కిందున్న నాళాలు ముడుచుకుంటాయి, అంతే. ముడుచుకోవడం వేరు, పగలడం వేరు. అలా ముడుచుకుంటే వేడి బయటికి పోకుండా లోపలే ఉండిపోతుందేమోనని ఒకప్పుడు వైద్యుల్లోనే కొందరికి అనుమానం ఉండేది. కొలిచి చూస్తే ఒళ్లు అన్నిటికంటే త్వరగా చల్లబడింది చల్లటి నీళ్లలో ముంచినప్పుడే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫాల్మత్‌లో ఏటా ఆగస్టులో ఏడు మైళ్ల పరుగు పందెం జరుగుతుంది. అక్కడ 18 ఏళ్లలో 274 మందికి పరుగు వల్ల వడదెబ్బ తగిలితే, అందరినీ అక్కడి టెంట్‌లోనే ఐసు కలిపిన నీళ్ల తొట్లలో ముంచారు. 274 మందీ బతికారు. ఈ లెక్క 2015లో వైద్య పత్రికలో అచ్చయింది. రక్తనాళాలు చిట్లే పనైతే ఆ తొట్ల పక్కన శవాలు పడి ఉండాలి.

అయితే జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. స్పృహ సరిగా లేని పిల్లాడి నోట్లో నీళ్లు, మజ్జిగ, ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాగే గుండె జబ్బున్న ముసలివాళ్లను ఒక్కసారిగా ఐసు నీళ్లలోకి దించడం మంచిది కాదు. ఆడుతూ ఆడుతూ పడిపోయిన పదమూడేళ్ల పిల్లాడి సంగతి వేరు. వాడి ఒంటి వేడి 104 దాటి ఉంటుంది. ఆ వేడికి మెదడు, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి.

"ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి."

ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఈ రాతంతటిలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. పడిపోయిన అరగంటలోపు ఒంటి వేడిని 102 దగ్గరికి దించగలిగితే పిల్లాడు దాదాపు ఖాయంగా బతుకుతాడు. మండల కేంద్రం నుంచి పెద్దాస్పత్రికి ఆ అరగంటలో చేరగలమా? చేరినా, అక్కడ చల్లబరచడం మొదలుపెట్టేసరికి ఇంకెంతసేపవుతుంది? 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు నీళ్ల పని చూడాలి.

2018 మే 29న అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడొకడు ప్రాక్టీసులో పరుగులు తీస్తూ సోలిపోయాడు. 19 ఏళ్ల కుర్రాడు. చుట్టూ కోచ్‌లు, ట్రైనర్లు ఉన్నారు. చల్లటి నీళ్లలో మాత్రం ముంచలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేయడమూ ఆలస్యమైంది. జూన్ 13న చనిపోయాడు. తర్వాత విచారణలో ఈ లోపాలన్నీ బయటపడితే, విశ్వవిద్యాలయ అధ్యక్షుడే బాధ్యత ఒప్పుకున్నారు. అంత డబ్బు, అన్ని వసతులు ఉన్నచోట కుర్రాడికి అందనిది చల్లటి నీళ్ల తొట్టి.

మన గ్రౌండ్లలో తొట్లు ఉండవు కదా అంటారు. టార్పాలిన్ ఉంటుంది. పిల్లాడిని దాని మీద పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులూ ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి. అందులో నీళ్లు, ఐసు వేసి కదుపుతూ ఉండాలి. తల నీళ్లలోకి జారకుండా ఒకరు పట్టుకోవాలి. అదీ లేకపోతే పైపు పెట్టి ఒళ్లంతా తడపండి. ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు తల, మెడ, చంకలు, ఛాతీ, తొడల మీద వేసి, వేడెక్కగానే మారుస్తూ ఉండండి. అట్టముక్కతోనైనా గాలి విసరండి. ఐసు గడ్డ చెరకు రసం బండి దగ్గరైనా దొరుకుతుంది. బూట్లు, ప్యాడ్లు తీసేయాలి. ఆడపిల్ల అయితే బట్టలు తీయాలేమోనని తటపటాయించకండి, బట్టలతోనే తడపండి.

పారాసెటమాల్ వేస్తే తగ్గుతుందని కూడా కొందరు రాస్తున్నారు. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర పనిచేయదు. పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయానికి అదనపు భారం.

"చెమట పడుతుంటే వడదెబ్బ కాదు."

ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లకు ఎండ వేడికి వడదెబ్బ తగిలితే చర్మం పొడిగా ఉండొచ్చు. ఆడే పిల్లల్లో మాత్రం చెమట కారుతూనే వడదెబ్బ తగులుతుంది. ఆ రోజు శిబిరంలో పడిపోయిన మా పిల్లాడి బనియన్ పిండితే నీళ్లు కారేలా ఉంది. చూడాల్సింది చెమట కాదు, బుర్ర. రైడ్‌కి వెళ్లాల్సినవాడు వేరే వైపు నడుస్తాడు. స్కోరు అడిగితే తప్పు చెబుతాడు. ఉన్నట్టుండి తోటివాడి మీద అరుస్తాడు, తూలుతాడు, వాంతి చేసుకుంటాడు, మాట ముద్దగా వస్తుంది. పొగరనో, నాటకమనో మనం పొరబడేది ఇక్కడే. ఆ రోజు మా పిల్లాడు పడిపోవడానికి ముందు నాకు ఎదురు సమాధానం చెప్పాడు. నేను కోప్పడి ఇంకో రౌండ్ కొట్టమన్నాను. ఆ తర్వాత నేనెప్పుడూ పరుగును శిక్షగా వేయలేదు.

కాళ్లు పట్టేసి, నీరసంగా ఉన్నా అడిగినదానికి తెలివిగా జవాబిస్తున్నవాడిని నీడలో కాళ్లు ఎత్తి పడుకోబెట్టి, తాగడానికి ఇచ్చి, కనిపెట్టుకుని ఉంటే సరిపోవచ్చు. మాటలో, నడకలో తేడా వచ్చిందంటే దాన్ని వడదెబ్బగానే చూడాలి. నుదుటి మీద పెట్టే థర్మామీటర్, చంకలో పెట్టేది ఇలాంటప్పుడు తక్కువ చూపిస్తాయి. "నూరే ఉంది" అని ఊరుకోకండి. మధ్యలో కాసేపు తేరుకున్నట్టు మాట్లాడి మళ్లీ పడిపోవడమూ ఉంటుంది.

"అలవాటైన పిల్లలకు ఏమీ కాదు."

అలవాటు నిజమే. కానీ అది రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, మానేస్తే పోతుంది కూడా. అమెరికా బడుల ఫుట్‌బాల్‌లో వడదెబ్బ చావులు ఎక్కువగా ఆగస్టులో ప్రాక్టీసు మొదలైన తొలి రోజుల్లోనే జరుగుతుంటే, 2009లో అక్కడి ట్రైనర్ల సంఘం మొదటి 14 రోజులూ మెల్లగా పెంచుకుంటూ పోవాలని నియమాలు రాసింది. మన దగ్గర పదో తరగతి పిల్లలు పరీక్షల కోసం నెలల తరబడి గదిలో కూర్చుంటారు. పరీక్షలైన వారానికే శిబిరంలో పొద్దునా సాయంత్రం రెండు పూటలా పరుగులు. పోయినేడాది జిల్లా జట్టుకు ఆడాడు కదా అని మొదటి రోజే పూర్తి ప్రాక్టీసు పెడతాం. జ్వరం, విరేచనాల నుంచి కోలుకున్నవాడు, రాత్రి నిద్రలేనివాడు, కాస్త బొద్దుగా ఉన్నవాడు ఇంకా త్వరగా దెబ్బతింటారు. గట్టి పిల్లలూ తప్పించుకోలేరు, ఎందుకంటే ఆగమని ఒళ్లు చెప్పినా వాళ్లు ఆగరు.

ఇంకొకటి. టీవీలో చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉన్న థర్మామీటర్‌ది. ఎండలో గ్రౌండ్ వేరు, ప్లాస్టిక్ టర్ఫ్ మీద ఇంకా వేరు. రామగుండంలో 42 అంటే అందరూ భయపడతారు. విశాఖలో 35 అంటే ఆడించేస్తారు. ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 దగ్గర, తీరంలో 37 దగ్గరే వడగాడ్పులను లెక్కలోకి తీసుకోవడం మొదలుపెడుతుంది. పొద్దున ఎనిమిది లోపు ముగించడం, ఉక్కపోత రోజు సగానికి తగ్గించడం కోచ్ చేతిలో పని.

"నీళ్లు ఎంత తాగిస్తే అంత మంచిది."

అతిగా తాగించినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఆట ఆపి, నీడలో నిలబెట్టి, దాహం ఉన్నంత తాగనిస్తే చాలు. మన బడుల్లో అసలు కష్టం తాగకపోవడమే. శుభ్రమైన టాయిలెట్ లేక ఆడపిల్లలు పొద్దుటి నుంచి గుక్క నీళ్లు తాగకుండా ఆటకొస్తారు. ఆంధ్రలో బడుల్లో నీళ్లు తాగమని గుర్తు చేస్తూ వాటర్ బెల్ కొట్టడం మంచి పని. టాయిలెట్‌కి తాళం వేసి ఉంటే ఆ గంట మోగినా పిల్ల తాగదు.

ఓఆర్‌ఎస్ అని రాసి ఉన్న తియ్యటి డ్రింకుల్ని నమ్మి కొన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో దొరికే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పొడిని ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలోనే కలపండి. అది లేనప్పుడు లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పేసిన పలుచటి మజ్జిగ కూడా మంచిదే.

ఉల్లిపాయ గురించి చెప్పడానికి ఏమీ లేదు. అన్నంలో నంజుకోండి. జేబులో ఉంటే అది ఏమీ చేయదు.

"సాయంత్రానికి తేరుకుంటే మర్నాడు ఆడించొచ్చు."

కూడదు. కాలేయం, కిడ్నీలు దెబ్బతిన్నాయో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది, పిల్లాడి ముఖంలో కాదు. కనీసం వారం రోజులు ఏ వ్యాయామమూ ఉండకూడదు. డాక్టరు సరేనన్నాక చల్లటి పూట కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. మా పిల్లాడు ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజే బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. సెలెక్షన్స్ వారంలోనే ఉన్నాయి. వాళ్ల నాన్న నన్ను బతిమాలారు, తర్వాత కోప్పడ్డారు. నేను లోపలికి రానివ్వలేదు. ఆ ఏడు వాడు జట్టులోకి రాలేదు. పైయేడు వచ్చాడు.