ఉడుతకు లాంగ్‌జంప్ నేర్పండి

అడవులు తరిగిపోతున్నాయని కొందరు పనిగట్టుకుని గగ్గోలు పెడుతున్నారు. కొండెక్కి చూడటమే వీళ్లు చేసే పొరపాటు. అడవిని చూడాల్సింది నివేదికలో. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారుకు తగ్గని జాగాలో 10 శాతం మేర చెట్ల పందిరి కనబడితే చాలు, అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిదని అడగరు, ఏం చెట్టని అసలే అడగరు. మామిడితోటా అంతే, జామాయిల్ తోటా అంతే. తోటలో పాక వేసుకున్న మా బాబాయి ఏళ్ల తరబడి అడవిలో కాపురం చేస్తున్నాడు పాపం, ఆయనకే తెలీదు.

ఈ ఏర్పాటుకు సహకరించనిది తూర్పు కనుమల్లోని పెద్ద ఉడుత. గూడూ కొమ్మల్లోనే, తిండీ కొమ్మల్లోనే. నేల మీద కాలు పెట్టమంటే దానికి ఎక్కడలేని బద్ధకం. 10 శాతం పందిట్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం ఎక్కువైతే లోపం విధానానిదా, ఉడుత తొడలదా? శాఖాపరంగా లాంగ్‌జంప్ శిక్షణ ఇప్పించాలి. కాంపా నిధులు ఉండనే ఉన్నాయి.

కాంపా తెలుసుగా? అడవి తీసుకున్నవాళ్లు సొమ్ము కడతారు, ఆ సొమ్ముతో మరోచోట మొక్కలు నాటతారు. 2016లో దీనికి చట్టం కూడా చేశారు. ఆ మరోచోటు ఎంత దూరమైనా కావచ్చు. గ్రేట్ నికోబార్ దీవి‌లో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని ప్రాజెక్టుకిచ్చి, బదులు మొక్కలు హర్యానాలో నాటుతామన్నారు. ఆ దీవిలోని మెగాపోడ్ పక్షి తీరం దగ్గర మట్టీ ఆకులూ కుప్పపోసి అందులో గుడ్లు పెడుతుంది. ఎగరడం అంతంతమాత్రం. దానికి ముందు ఓడ టికెట్టు, తర్వాత రైలు టికెట్టు తీయాలి. రిజర్వేషన్ దొరుకుతుందనే నమ్మకం నాకు లేదు.

అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ మరో బెంగ తీర్చింది. అటవీ భూమిలో ప్రభుత్వం జూ పెట్టినా, సఫారీ పెట్టినా అది అటవీయేతర పని కాదట. పులి బోనులో ఉన్నా అడవిలో ఉన్నట్టే.

ఇక మిగిలింది మన్యంలో పోడు కొట్టే కొండరెడ్డి. పర్యావరణానికి ముప్పు ఇతనేనని పట్నంలో అందరం ఎప్పుడో తేల్చేశాం. కానీ ఇతగాడు ఇప్ప, చింత, జీలుగు చెట్ల మీద గొడ్డలి వేయడు. కల్లు కావాలి, చింతపండు కావాలి, ఇప్పపువ్వు కావాలి. ఇరుగుపొరుగు పోళ్లన్నీ కలిపి ఆ చెట్ల పందిరి కొలిస్తే 10 శాతం దాటినా దాటుతుంది. అప్పుడు జామాయిల్ తోటతో సమానంగా ఇతనూ అడవి పెంచినవాడే. బీట్ ఆఫీసరు కేసు రాసేలోగా ఎవరైనా టేపు పట్టుకెళ్తే బాగుణ్ణు.